లింగక్క ముఖం

పోయిన ఎండాకాలం కువైట్‌లో ఉన్న మా ఊరివాళ్ళకు లింగక్క మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

రాయచోటి దగ్గర, మా ఊరి పక్కనుంచి కొత్తగా నాలుగు వరసల రోడ్డు పడింది. మలుపులో పచ్చ బోర్డు నిలబెట్టినవాళ్ళు మా ఊరి పేరు వదిలేసి అవతలి ఊరి పేరు రాసిపోయారు. లింగక్కపల్లె అనేది ఒకటుందని ఆ బోర్డుకు తెలియదు. ఊళ్ళో ఉన్నవాళ్ళు చూసి ఊరుకున్నారు. ఆ బోర్డు ఫోటో వాట్సాప్‌లో ఇక్కడికి వచ్చేసరికి మాత్రం మావాళ్ళకు రోషం పొడుచుకొచ్చింది. ఊళ్ళో ఎంతమంది ఉన్నారో ఇక్కడా అంతమంది ఉన్నాం. డ్రైవర్లు, దర్జీలు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు. జూన్ మొదటి శుక్రవారం మహబూలాలో ఒక ఫ్లాటులో చేరి, ఆ మలుపులోనే లింగక్కకు నిలువెత్తు విగ్రహం పెట్టాలని తీర్మానం చేశారు. ఊరికి పేరిచ్చిన మనిషిని చూసైనా బోర్డువాళ్ళు సిగ్గుపడాలట.

వాళ్ళు చేరింది నేనుండే ఫ్లాటులోనే. పెంచల్ నోరు తెరవగానే నేను లేచి బయటికి పోయాను.

పెంచల్ ఆ కమిటీకి పెద్ద. మిర్కాబ్‌లో దర్జీ. నా భార్య కళావతికి చిన్నాయన కొడుకు, నాకు బామ్మర్ది వరస. వాడితో నేను మాట్లాడి ఐదేళ్ళయింది. కారణం చెప్తాను. రెండువేల ఇరవై జూన్‌లో కళావతి ఇక్కడే జబ్బు చేసి పోయింది. విమానాలు లేవు. ఎట్లాగైనా ఇంటికి పంపించే దారి చూడమని పెంచల్ చేతులు పట్టుకున్నాను. వాడికి సంఘాల్లో మనుషులు తెలుసు. చూస్తా బావా అన్నాడు. మూడోనాడు ఫోన్ చేసి, అయిపోయింది బావా, ఈడనే పెట్టేసినారు అన్నాడు. ఊరి బయట ఇసుకలో, ఒక నంబరు పలక కింద. నన్ను ఆ దరిదాపులకు కూడా రానివ్వలేదు. విమానాలు లేకపోవడం పెంచల్ తప్పు కాదని అందరూ చెప్పారు. అది నాకూ తెలుసు. తెలిసింది కాబట్టి క్షమించాలని ఎక్కడా రాసిలేదు.

మరుసటి శుక్రవారం వాడు నా గదికే వచ్చాడు. నేను మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాను. నాతో ఉండే పాల్‌రాజు, గోదావరి మనిషి, కింద కూర్చొని ఉల్లిపాయలు తరుగుతున్నాడు.

"బావా, ఒక్క మాట," అన్నాడు పెంచల్. "కళావతక్క ఫోటో ఒకటి కావల్ల."

నేను దుప్పటి మీదికి లాక్కున్నాను.

"బొమ్మలాయన మొకానికి ఫోటో అడుగుతాండాడు. లింగక్కకు ఫోటో యాడనుంచి తెస్తాం? అక్క అచ్చం లింగక్క మాదిరే ఉన్నిందని ఊరంతా చెప్తాది కదా. అక్క మొకం పెడితే సరిపోతాదని అందురూ అన్నారు."

లింగక్కను చూసినవాళ్ళు ఎవరూ లేరు. ఆరేడు తరాల కిందటి మనిషి. కరువులో కన్నడ దేశం నుంచి నడిచి వచ్చిందట. దారిలో మొగుడు పోయాడు. ఇద్దరు పిల్లలతో వచ్చి మా వంక ఇసుకలో చెలమ తవ్వింది. నీళ్ళు పడ్డాయి. అక్కడే గుడిసె వేసింది. చచ్చేదాకా ఆమెకు తెలుగు రాలేదంటారు. ఆమె ఆనవాలుగా మాకు మిగిలినవి రెండే. వెడల్పాటి నొసలు, ముందు పంటి మీదికి ఎక్కిన పక్క పన్ను. ఆ వంశంలో ఏ ఆడపిల్లకు ఆ రెండూ వచ్చినా లింగక్క మళ్ళీ పుట్టింది అనేవాళ్ళు. మా అత్త తిరుపాలమ్మది ఆ వంశం. ఆమె కడుపున కళావతికి వచ్చాయి.

"మావైపు అయితే ఇగ్రహం కన్నా ముందు రెండు పార్టీలు లేత్తాయండి," అన్నాడు పాల్‌రాజు. "తల కొట్టడానికొకటి, కాపలా కాయడానికొకటి. మీవోళ్ళేంటండీ, ఫోటో కాడే ఆగిపోయారు?"

"నువ్వు ఎర్రగడ్డలు కొయ్యి సామీ," అన్నాడు పెంచల్.

నేను లేచి కూర్చున్నాను. ఐదేళ్ళలో వాడితో మొదటి మాట అదే.

"లింగక్క మొగుడు సచ్చినామె కదరా?"

వాడు తలూపాడు.

"ఆమెను నిలబెడితే నొసట బొట్టుంటాదా?"

నేను ఎక్కడికి పోతున్నానో వాడికి అర్థమైంది. నేల చూశాడు. "కథ అట్ల ఉండాది బావా. బొట్టు పెడితే ఊళ్ళో పెద్దోళ్ళు ఒప్పుకోరు."

"నేను బతికుండాను. నీ కండ్లకు ఆనుతాండానా? నా పెండ్లాం ముత్తైదువగా పోయింది. దాని మొకాన బొట్టు తీసి రోడ్డు మలుపులో నిలబెడితే, వచ్చేపొయ్యే లారీలోళ్ళు చూడల్లనా? ఫోటో లేదు, ఏమీ లేదు. పో."

"బావా, అది కాదు..."

"యల్లా. నడువు."

వాడు పోయాడు. పాల్‌రాజు కత్తి పక్కన పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. ఉల్లిపాయల వల్లేనని నేను అనుకున్నాను.

ఫోటో లేదన్నది అబద్ధం. ఒకటుంది.

నేను ఫింటాస్‌లో ఒక లాండ్రీకి వ్యాను నడుపుతాను. ఇళ్ళ దగ్గర మాసిన బట్టలు తెచ్చి, ఇస్త్రీ చేసినవి ఇచ్చి రావడం పని. వెనక కడ్డీకి దిష్‌దాషాలు వేలాడుతుంటాయి. అరబ్బులు తొడిగే తెల్లటి నిలువు చొక్కాలు. మలుపు తిరిగినప్పుడల్లా అన్నీ కలిసి ఒక పక్కకు వాలుతాయి. పదకొండేళ్ళుగా నా వెనక ఉన్న జనం అదే.

మాకు పిల్లలు లేరు. అందుకే ఇద్దరం వచ్చాం, ఇద్దరం ఉండిపోయాం. ఆమె ఒక ఇంట్లో పనికి ఉండేది. ఒకే దేశంలో ఉన్నామన్న పేరే గాని, నెలకు రెండు శుక్రవారాలు, సాయంత్రం పూట నాలుగు గంటలు, అంతే మా కాపురం. ఫింటాస్ సముద్రం ఒడ్డున కూర్చునేవాళ్ళం. పనిచేసే ఇంట్లోనే ఏదో ఒకటి చేసి చిన్న డబ్బాలో పెట్టుకొచ్చేది. ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, చెడ్డదేమీ కాదు. ఒక్కటే చెప్పింది, ఇంట్లో బొట్టు వద్దని. మిగతా రోజులన్నీ కళావతి బొట్టు లేకుండా తిరిగేది. శుక్రవారం టాక్సీ ఎక్కగానే సంచిలోనుంచి స్టిక్కరు తీసి పెట్టుకునేది. తిరిగి పోయేటప్పుడు ఆ ఇంటి సందు మొదట్లో తీసేసేది.

ఆఖరి శుక్రవారం రెండువేల ఇరవై మార్చిలో. ఆ రోజు బోడి నొసటితో దిగింది.

"ఏమే, నేను సచ్చినానా?" అన్నాను.

"స్టిక్కర్లు అయిపోయినాయి. అంగడికి పొయ్యేదానికి పొద్దు లేకపాయె," అని నవ్వింది. నవ్వితే ఆ పన్ను ముందుకొచ్చేది.

"నవ్వొద్దు," అన్నాను.

రెండు గంటలు సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాను. ఆమె తెచ్చిన డబ్బా మూత తీయలేదు. ఆమె నా చేతికి నీళ్ళ సీసా ఇచ్చింది, నేను పక్కన పెట్టాను. పోయేటప్పుడు, "వచ్చే శుక్రవారం రెండు పెట్టుకోనొస్తాలే," అంది. టాక్సీ ఎక్కింది. వచ్చే శుక్రవారానికి ఊరంతా మూసేశారు. మళ్ళీ నేను ఆమెను చూడలేదు.

కళ్ళు మూసుకుంటే నాకు వచ్చే ముఖానికి బొట్టు ఉండదు. దాన్ని ఇంకొకరు సిమెంటుతో చేసి పెట్టాల్సిన పని లేదు.

జూలైలో ఎండ యాభై దాటింది. వ్యాను స్టీరింగు గుడ్డ చుట్టుకుంటే గాని పట్టుకోలేకపోయాను. ఒక మధ్యాహ్నం ఒక ఇంటి గేటు ముందు ఆగి ఉండగా గ్రూపులో వీడియో పడింది. బొమ్మలాయన షెడ్డు. చెక్క బల్ల మీద తడి మట్టితో చేసిన తల. వీడియో తీసేవాడు దాని చుట్టూ తిరిగాడు.

కళావతి.

వెడల్పాటి నొసలు, కింది పెదవి మీద గాటు, ఎడమ చెవి కొంచెం పైకి. ఆమే. నొసట ఏమీ లేదు. నోరు మూసుకొని, ఎవరో నిలబడమంటే నిలబడ్డట్టు నేరుగా చూస్తోంది. ఎక్కడ చూశానా అని ఆలోచించాల్సిన పని కూడా లేకపోయింది. అది బతాకా ముఖం. బతాకా అంటే ఇక్కడి గుర్తింపు కార్డు. కార్డు కోసం తీసే ఫోటోలో బొట్టు ఉండదు, నవ్వు ఉండదు. దాని జిరాక్సు పెంచల్‌కు ఇచ్చింది నేనే, ఐదేళ్ళ కిందట, శవం కాగితాల కోసం.

లోపలినుంచి ఎవరో కేక వేశారు. నేను గేటు దగ్గర ఇవ్వాల్సిన బట్టలు ఇవ్వకుండానే వ్యాను తిప్పాను. మిర్కాబ్ దాకా ఎట్లా నడిపానో తెలియదు. చొక్కాలన్నీ వెనక ఒకదాన్నొకటి కొట్టుకుంటూనే ఉన్నాయి.

దర్జీ షాపులో పెంచల్ మెడలో టేపు వేసుకొని ఒక అరబ్బు పెద్దమనిషికి కొలతలు తీస్తున్నాడు. నన్ను చూసి చేయి ఆగిపోయింది. కటింగు మాస్టరు తౌఫిక్ మా ఇద్దరి ముఖాలు చూసి, తనే వచ్చి టేపు అందుకున్నాడు. మేం వెనక గుడ్డల తానులు పేర్చిన చోటికి పోయాం.

"యెవుర్నడిగి పంపిస్తివి?"

"బావా, నువ్వియ్యలేదు. బొమ్మలాయన తొందర పెడతాండె."

"ఆ మట్టి పగలగొట్టమను."

"నెల దినాల పని బావా. పోలిక అంత బాగా దిగింది. ఒకసారి సరింగా చూడు, అచ్చం అక్కే."

"చూసినా. అందుకే చెప్తాండా."

"బొట్టొక్కటి పెట్టిస్తే సరిపోదా?"

"సరిపోదు. అది దాని మొకం కాదు, కార్డు మొకం. ఆ కార్డు పట్టుకోనే కదరా దాన్ని ఇసకలో ఏసినారు."

వాడు ఒక గుడ్డ తాను మీద చేయి ఆనించి నిలబడ్డాడు. తర్వాత ఫోన్ తీసి ఊరికి కలిపాడు. స్పీకరు పెట్టాడు. "పెద్దమ్మా, నువ్వే చెప్పు. బావ ఒప్పుకోవడంల్యా. బొట్టు లేకుండా అక్క మొకం వద్దంటాండాడు. బొట్టు పెడితే లింగక్క కాదంటారు ఊళ్ళో."

అవతల తిరుపాలమ్మ గొంతు. ఆమెకు డెబ్బై దాటాయి. రెండు కళ్ళకూ పొర కమ్మి చూపు ఆనదు. గొంతు మాత్రం పొలం అవతలి గట్టుకు వినపడుతుంది.

"యెవురు చెప్పినార్రా లింగక్క బొట్టు తీసిందని? దావలో మొగుణ్ణి పూడ్చిపెట్టి, ఇద్దురు బిడ్డల్ని సంకనేసుకోని నడిచిన మనిషి. గాజులు పగలగొట్టేదానికీ బొట్టు తుడిచేదానికీ ఆ అడివిలో అమ్మలక్కలు యాడుండారు? నీళ్ళు యాడ దొరుకుతాయా అని చూసుకుంటాదా, నొసలు చూసుకుంటాదా? బొట్టు పెట్టి నిలబెట్టండి. కాదనేవోణ్ణి నా కాడికి పంపీ."

పెంచల్ నా వైపు చూశాడు. షాపులో కత్తెర చప్పుడు ఆగిపోయింది.

"అల్లుడు ఆడ్నే ఉండాడా?" అంది ఆమె.

"ఉండానత్తా."

"నాయనా ఓబులేసూ, నేను దాన్ని చూసి ఏడేండ్లాయె. మట్టన్నా నాకు రాకపాయె. రోడ్డు మీదైనా నిలబడనీ నాయనా. పోతా వస్తా తడుముకుంటా."

ఆమె అంతకుమించి ఏమీ అడగలేదు. నేను ఫోన్ పెట్టేయమని పెంచల్‌కు సైగ చేశాను.

"వేరే ఫోటో ఇస్తా," అన్నాను. "దాంట్లో బొట్టుండాది, నవ్వుండాది. ముందు ఆ మట్టి పగలగొట్టల్ల. నాకు వీడియో కావల్ల."

"పగలగొడితే మళ్ళా ఇంత బాగా వస్తాదో రాదో బావా."

"రాకపోతే రానీ."

ఆ మాట నేనే అన్నాను. షాపులో నలుగురు విన్నారు.

రెండు రోజులకు వీడియో వచ్చింది. బొమ్మలాయన నీళ్ళు చల్లి, రెండు చేతులతో ఆ ముఖాన్ని పిసికి ముద్ద చేశాడు. ముందు ముక్కు పోయింది. నేను ఆఖరిదాకా చూశాను. తర్వాత ఫింటాస్ ఒడ్డున వ్యాను ఆపి, నా దగ్గరున్న ఫోటో పంపించాను. ఎవరికీ చూపించని ఫోటో. అది తీసిన రోజు చలికాలం. ఆమె కాల్చిన మొక్కజొన్న కంకి కొరుకుతూ, నేనేదో అంటే పక్కకు తిరిగి నవ్వింది. కొంగు గాలికి లేచింది. నొసట రూపాయంత స్టిక్కరు. పన్ను, ముక్కుపుడక, పంటి సందులో ఇరుక్కున్న గింజ, అన్నీ ఉన్నాయి. పంపించే గుర్తు నొక్కడానికి చాలాసేపు పట్టింది. నొక్కాక మాత్రం తొందర మొదలైంది.

అప్పటినుంచి ఆగస్టు ఆఖరుదాకా నేను నాలాగా లేను. బొమ్మలాయనకు రోజుకొక వాయిస్ మెసేజ్ పెట్టాను. ముక్కుపుడక కుడివైపు అన్నాను. పాపిట నేరుగా ఉండదు, ఒకింత ఎడమకు పోతుంది అన్నాను. పన్ను మర్చిపోవద్దు, పన్నే ముఖ్యం, మా లింగక్కకు ఆనవాలు అదే అన్నాను. ఆయన ఒకటి రెండిటికి "సరేనయ్యా" అని పంపాడు. తర్వాత అదీ లేదు. ముఖానికి గుడ్డ కప్పేశానని, కళ్ళు తెరిచేది విగ్రహం లేచిన రోజేనని, అంతవరకూ ఎవరూ చూడకూడదని పెంచల్‌తో చెప్పి పంపాడు. మా దగ్గర అది పద్ధతే. నేను కాదనలేకపోయాను.

శుక్రవారం సాయంత్రాలు మళ్ళీ ఒడ్డుకు పోవడం మొదలుపెట్టాను. గాలి పొయ్యి ముందు కూర్చున్నట్టుండేది. మనుషులెవరూ ఉండరు. నాలుగు గంటలు కూర్చునేవాణ్ణి. గడ్డం గీసుకొని పోయేవాణ్ణి.

"ఏంటండీ ఓబులేసు గారూ," అన్నాడు పాల్‌రాజు ఒకరోజు. "పెళ్ళిచూపులకెళ్ళినట్టు ఎల్తన్నారు?"

"గమ్మునుండు," అన్నాను. కాని వాడన్నది నిజం. ఐదేళ్ళుగా ఆమె ముఖం నాకు ఫోనులో బొటనవేలంత. పెద్దది చేస్తే చెదిరిపోతుంది. ఇప్పుడది మనిషి ఎత్తున లేస్తుంది. ఎండలో నిలబడుతుంది. నీడ పడుతుంది. అక్కడికి పోయి ఆ ముఖం ముందు నిలబడి ఒకమాట చెప్పాలి అనుకున్నాను. ఏ మాటో నాకు తెలుసు. డబ్బా మూత తీయకపోవడం గురించి.

సెలవు అడిగాను. లాండ్రీవాడు సెప్టెంబరు తర్వాత చూద్దాం అన్నాడు. సరే, ముందు వీడియోలోనే చూస్తాను అనుకున్నాను.

ఆగస్టు ఆఖరి శుక్రవారం ఇక్కడ పొద్దున ఎనిమిదిన్నర, అక్కడ పదకొండు. ఫ్లాటులో ఇరవై మందికి పైగా చేరారు. ఫోనును టీవీకి కలిపారు. కింద చాపల మీద జనం, నేను పెంచల్ పక్కన. ఉతికిన చొక్కా వేసుకున్నాను. తెర మీద మా రోడ్డు మలుపు, డప్పులు, మామిడాకులు, పీఠం మీద పసుపు గుడ్డ కప్పిన విగ్రహం. చేతిలో పార ఆకారం గుడ్డ మీదికి ఉబికి కనపడుతోంది. మా బామ్మర్ది నాగేశ్వర ఫోన్ పట్టుకొని చూపిస్తున్నాడు. వాడి పక్కన కుర్చీలో తిరుపాలమ్మ కొత్త చీర కట్టుకొని కూర్చుంది.

బొమ్మలాయన గుడ్డ లోపలికి చేయి పెట్టి కళ్ళు దిద్ది వచ్చాడు. సర్పంచి గుడ్డ లాగాడు.

బంగారు రంగు పూసిన ముఖం. నున్నటి చెంపలు, విల్లులాంటి కనుబొమ్మలు, మూసిన పెదవులు, నొసట ఎర్రగా ఇంత బొట్టు. ముక్కుపుడక కుడివైపే ఉంది. పాపిట నేరుగా ఉంది.

ఎవరో ఆమె. బొమ్మలాయన దగ్గర ఆడ విగ్రహాలకు సిద్ధంగా ఉండే అచ్చు ఒకటుందని, మట్టి పిసికేశాక మళ్ళీ చేసే పొద్దు లేక అందులోనే పోసి, బొట్టూ పుడకా అతికించాడని తర్వాత తెలిసింది. విగ్రహానికి పళ్ళు కనపడటం శాస్త్రం కాదని కూడా అన్నాడట. అప్పుడు నాకవేమీ తెలియవు. తెర మీద ఇంకొకరి ముఖం ఉంది, అంతే తెలుసు.

కొత్తగా వచ్చిన కుర్రవాళ్ళు చప్పట్లు కొట్టారు. వాళ్ళు కళావతిని ఎరగరు. ఎరిగినవాళ్ళు ఒకసారి నా వైపు చూసి చూపు తిప్పుకున్నారు. పెంచల్ ముఖం నల్లబడింది. ఫోనుకు దగ్గరగా వంగి, "రేయ్ నాగేశ్వరా, ఇది..." అన్నాడు.

అప్పటికి అక్కడ ఇద్దరు మనుషులు తిరుపాలమ్మను కుర్చీతో సహా పైకెత్తారు. ఆమె చేతులు గాలిలో వెతుక్కుంటూ పోయి ఆ ముఖాన్ని పట్టుకున్నాయి. డప్పులు ఆగిపోయాయి. ఆమె వేళ్ళు నొసలి మీదుగా, కళ్ళ మీదుగా, చెంపల మీదుగా దిగాయి. పెదవుల దగ్గర ఆగాయి. అక్కడే మళ్ళీ మళ్ళీ తడిమాయి.

నేను పెంచల్ మణికట్టు పట్టుకున్నాను. గట్టిగానే పట్టుకున్నాను. వాడు నోరు మూసుకున్నాడు.

"అల్లుణ్ణి పిలువు," అంది తిరుపాలమ్మ. నాగేశ్వర ఫోన్ ఆమె చెవి దగ్గర పెట్టాడు. తెర మీద ఆమె చెవి కమ్మ, తెల్ల వెంట్రుకలు, వాటి వెనక ఆ బంగారు గడ్డం ముక్క.

"నాయనా, చూస్తాండావా?"

"చూస్తాండానత్తా."

"నా చేతికి నున్నగా తగుల్తాండాది. పన్ను తెలీడంల్యా. నా బిడ్డేనా?"

ఇరవై మంది నా వైపు తిరిగారు. పాల్‌రాజు వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకొని నిలబడ్డాడు. నేను జీవితంలో ఎవరి మనసు కోసమూ మాట మార్చినవాణ్ణి కాను. కళావతి కోసం కూడా మార్చలేదు.

"అదే అత్తా," అన్నాను. "సిమెంటు కదా, పెదవి మూసినట్టు చేసినాడు. పన్ను లోపలుండాది."

"నువ్వు చూసి చెప్పినావంటే సరే," అంది ఆమె. రెండు చేతులతో ఆ చెంపలు పట్టుకొని, తన నొసలు దానికి ఆనించింది. డప్పులు మళ్ళీ మొదలయ్యాయి.

అందరూ పోయాక పెంచల్ ఒక్కడే చాప మీద కూర్చున్నాడు. మణికట్టు రుద్దుకుంటూ, "మట్టి పగలగొట్టకపోయింటే..." అన్నాడు.

"నాకు తెలుసు," అన్నాను.

వాడు లేచి చెప్పులు వేసుకున్నాడు. వాణ్ణి నేను ఇప్పటికీ క్షమించలేదు. నన్ను కూడా. ఆ ముఖం కళావతిది కాదన్న విషయం మాత్రం మా ఇద్దరి నోటినుంచీ బయటికి రాలేదు, రాదు.

సెప్టెంబరులో సెలవు ఇస్తానని లాండ్రీవాడు తనంతట తనే అన్నాడు. వద్దన్నాను. అక్కడికి పోయి ఎవరి ముందు నిలబడాలి?

తిరుపాలమ్మ రోజూ పొద్దున్నే కర్ర పట్టుకొని మలుపు దాకా పోతోంది. పీఠం అంచున కూర్చుంటుంది. లారీలు పోతుంటాయి. బస్సులవాళ్ళు ఇప్పుడు లింగక్క మలుపు అనే టిక్కెట్టు కొడుతున్నారట. పచ్చ బోర్డు మీద పేరు ఇంకా మార్చలేదు. శుక్రవారం నేను ఒడ్డున కూర్చున్న వేళకు ఆమె ఫోన్ చేస్తుంది.

"ఈ పొద్దు నీ పెండ్లాం కాడ శానాసేపు కూచుంటి నాయనా."

"ఏమనె అత్తా?" అంటాను.

"ఏమనల్ల? అల్లుడు యేళకు తింటాండాడా అని అడిగె."

సముద్రం వైపు చూస్తాను. ఎండ తగ్గింది. మనుషులు మళ్ళీ ఒడ్డుకు వస్తున్నారు.

"తింటాండాడని చెప్పు," అంటాను.